మడ్డి తీసిన పీపా

నోయెమీ పెళ్లికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఓదిల్ కూజా పట్టుకుని పీపాల గదిలోకి వెళ్లింది. కాలు విరిగి క్రిస్మస్ నుంచీ మంచం మీదే ఉన్న మామగారు ఫిర్మాన్, పెళ్లి పీపా నుంచి ఒక గుక్క తెమ్మన్నాడు.

ఆ ఇంట్లో ఏటా ద్రాక్షకోతలయ్యాక అన్నింటిలోకీ మంచి పీపాను శుభకార్యానికని విడిగా ఉంచుతారు. ఈసారి ఆయన "పెళ్లి పీపా జాగ్రత్త అమ్మాయ్" అంటూ తాళంచెవి కోడలికిచ్చాడు. మూడేళ్ల కాపురంలో ఆ తాళంచెవి ఆమె చేతికి రావడం అదే మొదలు.

కూజాలోకి దూకుతున్న తెల్ల వైన్ ఊటనీళ్లలా తేటగా ఉంది. ఓదిల్‌కి ముచ్చటేసింది.

"వదినా, పీపా పక్కకి జరిగిందేం?" గుమ్మంలోంచి ఆడపడుచు నోయెమీ అడిగింది.

"ఫిబ్రవరిలో కడిగాను కదా. అడుగున జానెడు మడ్డి, ఛీ! వైన్ వేరే పీపాలోకి తోడి, దీన్ని మూడుసార్లు వేడినీళ్లతో తోమి మళ్లీ నింపాను. మా పుట్టింట, బర్గండీలో, నాన్న ఎర్ర వైన్‌కి అలాగే చేసేవాడు."

"మడ్డేం చేశావ్?"

"క్యాబేజీ పాదుల్లో పోశాను."

"అయితే పెళ్లి క్యాబేజీలకి చేసేశావన్నమాట." నోయెమీ మెట్టు మీద కూలబడింది. "చలికాలమంతా ఆ మడ్డి మీద కదలకుండా ఉంటేనే వదినా మన వైన్‌కి ప్రాణం. నాలుక మీద సన్నగా గిల్లుతుందే, అది దానివల్లే. మగపెళ్లివాళ్లు సముద్రం ఒడ్డువాళ్లు. విందులో తినే ఆల్చిప్పలు వాళ్లు తెస్తారు, వాటితో తాగే వైన్ మనం పోయాలి. మొదటి గుక్కకే పట్టేస్తారు."

ఆ గిల్లుడు మూడేళ్లుగా ఓదిల్‌కూ ఇష్టమే. ఎక్కడినుంచి వస్తోందో మాత్రం ఎన్నడూ అడగలేదు.

"పక్కింటివాళ్ల పీపాలోంచి ఓ గ్లాసు తెస్తాను, నాన్నకి అదిచ్చెయ్" అంది నోయెమీ.

ఓదిల్ తన కూజానే తీసుకుని లోపలికి నడిచింది.

ఆమె గ్లాసులో పోసిచ్చాక ఫిర్మాన్ ఒక గుక్క నోట్లో ఉంచుకుని చాలాసేపు మింగలేదు.

"మడ్డి ఎప్పుడు తీశావ్?"

"ఫిబ్రవరిలో, మామయ్యా."

ఆయన కిటికీవైపు తిరిగాడు. "ఈ ద్రాక్షతీగ మీ బర్గండీ నుంచి వచ్చిందే, తెలుసా? పనికిరాదని మీవాళ్లు పీకి పారేశారు. మా తాతముత్తాతల కాలంలో ఓ చలికి సముద్రమే గడ్డకట్టిందట, తోటలన్నీ పోయాయి. మళ్లీ నాటితే బతికింది ఇదొక్కటే. బీద ద్రాక్షమ్మా ఇది. సువాసన లేదు, తీపి లేదు. దానికున్న ఆస్తల్లా ఆ మడ్డే."

"క్షమించండి మామయ్యా."

"పెళ్లిలో ఇదే పోస్తాం. ఊరివాళ్ల పీపా తెచ్చి మనదని చెప్పను. కానీ పోసేది నువ్వే. ఏమైందని అడిగితే చెప్పేదీ నువ్వే."

"చెప్తాను."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తాళంచెవి తిరిగి అడగలేదు. ఉంచుకోమనీ అనలేదు.

గ్లాసు సగం అలాగే ఉంది. వంటింట్లోకి తెచ్చి ఓదిల్ దాన్ని తాగింది. నిమ్మపులుపు ఉంది, చివర్న కాస్త ఉప్పదనమూ ఉంది. నాలుక మీద ఆ గిల్లుడు తగులుతుందేమోనని గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసింది.