పట్టాల అవతలి ఓట్లు

నేను ఒక ఇనుప బ్యాలెట్ పెట్టెను. నెత్తిన సన్నని గాటు పెట్టి, ఆకుపచ్చ రంగు పూసి నన్ను కార్ఖానా నుంచి సాగనంపినప్పుడు, ఆ గాటులోంచే ప్రభుత్వాలు పుడతాయి, కూలుతాయి అన్నారు. నమ్మాను. నా ఖర్మకొద్దీ హైదరాబాదు శివారులోని శిలార్‌గూడకు చేరాను. అక్కడ ఏదీ కూలలేదు.

శిలార్‌గూడ రైలు పట్టాలకు రెండు పక్కలా ఉంటుంది. ఇవతల ఉద్యోగుల కాలనీ, అవతల కూలీనాలీ చేసుకునేవాళ్ల పోచమ్మబస్తీ. తొలిసారి గెలిచినప్పుడు ఇక్కడి ఎమ్మెల్యే మురహరిరావు నిజంగానే కాళ్లరిగేలా తిరిగి కాలనీకి మంచినీళ్ల కుళాయిలు తెచ్చాడు. ఆ నీళ్లు తాగినవాళ్లు మళ్లీ ఇంకో గుర్తు వైపు చూడలేదు. ఏడాది పొడుగునా అరుగుల మీద కూర్చుని ప్రభుత్వాన్ని తిట్టే పెద్దమనుషుల్లో సగం మంది పోలింగు నాడు సెలవు దొరికిందని సినిమాకు పోయేవారు. మిగతా సగం కాగితం పూర్తిగా చూడకుండానే పాత గుర్తు మీద ముద్ర గుద్దేవారు. బస్తీవాళ్లు మాత్రం పొద్దున్నుంచి ఎండలో నిలబడేవారు. నిలబడి, కులపెద్ద యాదగిరి చెప్పిన గుర్తుకే వేసేవారు. అదీ మురహరిరావుదే.

ఎదుటి పార్టీలు పేరుకొకరిని నిలబెట్టేవి. ఒకసారి ఆ నిలబడ్డాయన తన ఓటు వేసుకోవడానికే రాలేదు. ఢిల్లీలో గాలి మారింది, రాష్ట్రంలో గాలి మారింది, శిలార్‌గూడలో ఆకు కదల్లేదు. కంచుకోట అని పత్రికలు మురిసిపోయాయి. ఆ కోటలో ఉన్నవాళ్ల బతుకెలా ఉందని ఒక్కరూ అడగలేదు.

బస్తీలో బాలమణి అని ఒకామె ఉండేది. ఆమె, చెల్లెలు సుగుణ కూరగాయల గంపలు నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటి కాలనీకి వచ్చి అమ్మేవారు. వంతెన కట్టించమని బస్తీ ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉంది. ఒక మంచు పొద్దున, ఆగి ఉన్న గూడ్సుబండిని చుట్టి వస్తుంటే రెండో పట్టా మీద ఇంకో బండి వచ్చింది. బాలమణి దాటింది. సుగుణ దాటలేదు.

మురహరిరావు కారులో వచ్చాడు, కళ్లు తుడుచుకున్నాడు, వంతెనకు శంకుస్థాపన చేశాడు. తర్వాత ఆ రాయి మీద మేకలు ఎండకాగాయి. మళ్లీ ఎన్నికలొచ్చాయి. పనులు మొదలవుతున్నాయని ఆయన చెప్పాడు, బస్తీ ఆయనకే వేసింది. మడత తర్వాత మడత, అదే గుర్తు మీద ముద్ర నా కడుపులో పడుతుంటే అన్నీ బయటికి ఉమ్మేయాలనిపించింది. ఇనుముకు ఆ వీలు లేదు.

ఆ తర్వాతి ఎన్నికల్లో బాలమణి తానే నిలబడింది. నిచ్చెన గుర్తు ఇచ్చారు. యాదగిరి నవ్వాడు, కాలనీకి ఆమె పేరే తెలియదు. పోలింగు నాడు ఆమె నా పక్కనుంచి వెళ్తుంటే, ఆడవాళ్ల వరుసలో ఉన్న లింగవ్వ అనే ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ మీద పావురం, ప్రేమ లేక కాదు బిడ్డా. ఎట్లన్న ఆయనే గెలుస్తడు. నా ఓటు ఆగమైతది."

"గెలిచెటాయనకు నీ ఓటు అక్కరనే లేదవ్వా. అక్కర లేనోళ్లకు ఇచ్చిందే ఆగమైతది" అంది బాలమణి.

ఇక్కడ ప్రచారం చేయకూడదని అధికారి కసిరి ఆమెను బయటికి పంపాడు. లింగవ్వ తెర వెనక చాలాసేపు నిలబడింది. ఆమె ఏం చేసిందో నాకు తెలుసు, చెప్పను. ఆ ఒక్క మర్యాద నాకు నేర్పారు.

మురహరిరావు ఎప్పటిలాగే గెలిచాడు, బాలమణికి డిపాజిట్ దక్కలేదు. కానీ నన్ను బల్ల మీద బోర్లించినప్పుడు మురహరిరావు మొహం మాడిపోయింది. ఆసారి నేను బస్తీ పెట్టెను, నాలో నిచ్చెన ముందుంది. "నేనేం తక్కువ చేసిన మీకు?" అని యాదగిరిని అందరి ముందూ నిలదీశాడు. ఒక ప్రాణం పోయిన చోట నిలబడి ఏడ్చిన మనిషి ఆ మాట అడిగాడు.

ఏడాది తిరక్కుండానే వంతెన లేచింది. దాని మీద మురహరిరావు తల్లి పేరు చెక్కారు. సుగుణ పేరు ఎక్కడా లేదు. తర్వాతి ఎన్నికల్లో బస్తీ దాదాపు అంతా దండం పెట్టి మళ్లీ ఆయనకే వేసింది. మళ్లీ నిలబడ్డ బాలమణి నిచ్చెనకు పడినవి గుప్పెడు. సిగ్గుపడుతూ ఏదో చెప్పబోయిన పొరుగామెతో బాలమణి, వంతెన ఎక్కుతున్నారు కదా, తనకదే చాలని అంది. నాకు చాలలేదు. ఒక్కసారి ఆయనను భయపెడితే వంతెన లేచింది. అది కళ్లారా చూసి కూడా, వీళ్లు తమ చేతికి కాక ఆయన కాళ్లకు మొక్కారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

తర్వాత మీటలు నొక్కే యంత్రాలొచ్చాయి. నన్ను మండల ఆఫీసు కొట్టుగదిలో పడేశారు. మురహరిరావు పోయాడు, కొడుకు విక్రాంత్ వచ్చాడు. ఆధిక్యం ఇంకా పెరిగిందని కొట్టు బయట గుమాస్తాలు చెప్పుకున్నారు.

మొన్న ప్రజాస్వామ్య ప్రదర్శన అంటూ నా తుప్పు గీకి, రంగు పూసి, బల్ల మీద నిలబెట్టారు. విక్రాంత్ రిబ్బను కత్తిరించి, నా మీద చెయ్యి వేసి ఫొటోకు నిలబడ్డాడు. ఈ పెట్టెలు మా నాన్నను ఏనాడూ మోసం చేయలేదని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు బాలమణి కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. వంతెన మీద దీపాలు వెలగక ఎన్నేళ్లయిందో, పొద్దుగూకాక పనుల నుంచి వచ్చే ఆడవాళ్లు మెట్ల మీద ఎలా పడుతున్నారో చెప్పింది. విక్రాంత్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, బస్తోళ్లంత మావాళ్లే. మావాళ్ల పని నేను చెయ్యకుంట ఉంటనా?"

"మీవాళ్లమనే కద సారూ" అంది బాలమణి, "ఇన్నేండ్లు చీకట్ల ఉంచిండ్రు."

ఫొటోగ్రాఫరు ఆమెను కొంచెం పక్కకు జరగమన్నాడు. విక్రాంత్ నవ్వుతూనే ఉన్నాడు. బాలమణి జరగలేదు.