కారాల్సిన చుక్క

"పది నిమిషాలంటే పది నిమిషాలే. పదకొండోది లేదు."

"అమ్మా, నా జుట్టు చూశావా? ఆ నీళ్ళు ఒక పక్క జడకే చాలవు!"

ఆదివారం పొద్దున మొదలైన తగువు పదకొండైనా తెగలేదు. కూతురు తలనిండా నురగతో బాత్రూం తలుపు సందులోంచి అరుస్తోంది. తల్లి గీజర్ స్విచ్ మీద వేలు పెట్టుకుని, గోడకి అతుక్కుపోయినట్టు నిలబడింది.

"వాచ్‌మన్‌గారు డ్యూటీలో ఉన్నారే, సర్దుకో," అన్నాడు ఆమె భర్త పేపరు దించకుండానే. నెల రోజులుగా ఇంట్లో ఆమెకి అదే పేరు. ఆమె మళ్ళీ స్విచ్ వేసి గడియారం చూసుకుంటూ నిలబడింది. వంటింట్లోంచి కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. అయినా కదల్లేదు.

అంతకుముందు ఆ గీజర్ కింద చిన్న గొట్టంలోంచి చుక్కా చుక్కా నీరు కారేది. ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదని మామగారు ఒక మధ్యాహ్నం స్టూలెక్కి, గొట్టానికి మూత బిగించి, పైన టేపు చుట్టేశారు. చుక్క ఆగింది. ఆ వారంలోనే కింది వాటాకి వచ్చిన ప్లంబరు మెట్ల మీద కనిపిస్తే, ఆమె మాటవరసకి ఆ సంగతి చెప్పింది. అతను ఎక్కబోతున్న మెట్టు మీదే ఆగిపోయాడు.

"అది కారాలమ్మా. కారడమే దాని పని. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోయే దారి అదొక్కటే. కారితే భయం లేదు, కారకపోతేనే భయం. టాంకు పేలిందంటే గోడ కూడా మిగలదు."

ఆ రోజే భర్తకి చెప్పింది. ఆయన నవ్వేశాడు. "ముప్పై అయిదేళ్ళు మిల్లులో బాయిలర్లు చూసిన మనిషి ఆయన. తాతకి దగ్గులు నేర్పుతావా? నాన్నతో మాత్రం అనకు. ఆయన పనికి వంక పెడితే రెండు రోజులు అన్నం ముట్టరు."

మూత తీయిస్తే చుక్క చప్పుడు మళ్ళీ ఆయన్ని లేపుతుంది. గీజర్ వాడొద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఇల్లు రెండవుతుంది. అందుకే కాపలాకి నిలబడింది. స్విచ్ వేసేదీ తనే, ఆపేదీ తనే. తను ఇంట్లో లేకుండా ఎవరూ వేడినీళ్ళు పోసుకోకూడదు. బజారుకి వెళ్ళినా సగం సామాను మరిచిపోయి పరుగున వచ్చేది.

వచ్చే గురువారం అక్కకి మోకాలి ఆపరేషన్. అమ్మ పోయాక తనకి జడలు వేసి, బడికి పంపి, పెళ్ళి చేసింది ఆ అక్కే. "పదిహేను రోజులు వచ్చి ఉండవే," అని అడిగింది. "చూస్తానక్కా," అంది ఈమె. ఏం చూస్తుంది? భర్త స్విచ్ వేస్తే ఆపడం మరిచిపోతాడు. కూతురు గంటసేపు ఆపదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కూతురి స్నానం అయింది. మామగారు కిందికి నడకకి వెళ్ళి ఉన్నారు. దీపం తనంతట తను ఆరుతుందో లేదో చూద్దామని, ఈసారి స్విచ్ ఆపకుండానే ఆమె టార్చి తీసుకుని స్టూలెక్కింది. గీజర్ అడుగున రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. గోడ మీద తుప్పునీటి చార జానెడు పాకింది. నీళ్ళు కాగాక ఆరిపోవాల్సిన ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కొళాయి కాస్త తిప్పితే ముందు బుస్సుమని ఆవిరి వచ్చింది, తర్వాతే నీళ్ళు.

"ఏం చూస్తున్నావమ్మా?"

పడబోయి గోడ పట్టుకుంది. గుమ్మంలో మామగారు.

దొరికిపోయాననుకుని దిగి పక్కకి జరిగింది. ఆయన టార్చి అందుకుని కిందనుంచే వెలుగు వేసి చూశారు. ముఖం జేవురించింది.

"ఎవరు బిగించారిది?"

వెటకారమేమో అనుకుంది. కాదు.

"ఏ తెలివితక్కువ వెధవ చేసిన పని? సేఫ్టీ వాల్వ్‌కి మూతా! మా మిల్లులో అయితే వాణ్ణి ఆ పూటే గేటు బయటికి పంపేవాణ్ణి. ముందు స్విచ్ ఆపు. మూత ముట్టుకోకు, వేడి మీద విప్పితే ముఖం కాలుతుంది. వేడినీళ్ళ కొళాయి తిప్పి వదిలెయ్."

ఆమె ఆయన చెప్పినట్టే చేసింది. ఆయన విద్య ఎక్కడికీ పోలేదు. నెల కిందటి మధ్యాహ్నం ఒక్కటే జ్ఞాపకంలోంచి పోయింది. ఆ ఒక్కటేనా? అడిగిందే అడగడం, కాళ్ళకున్న చెప్పుల కోసం వెతకడం, అన్నిటినీ పెద్దతనం అనుకుని నవ్వుకున్నారు అందరూ. ఇప్పుడు తను కాపలా కాయాల్సింది స్విచ్ ఒక్కటే కాదు. గ్యాసు, వీధి తలుపు, ఈ మనిషి.

"మాట్లాడవేం? మీ ఆయనేనా? మేకు కొట్టడం రానివాడు వాల్వ్ దాకా ఎదిగాడా?"

'మీరే' అనలేకపోయింది. 'నేనే' అనేస్తే ఈ పూట గడుస్తుంది. రేపు ఆయన ఇంకేం బిగిస్తారో?

"స్టూలు పట్టుకో," అని ఆయనే ఎక్కారు. మూత విప్పకుండా, పైన టేపు మాత్రం వేళ్ళతో తడిమారు. కొస దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత విప్పేవాడి గోటికి దొరకాలని ఆయన టేపు కొసని చిన్న ముక్కోణంగా మడుస్తారు. ఆ మడత ఇంట్లో ప్రతి వైరు మీదా ఉంది. ఇంకెవరూ అలా మడవరు.

మడత మీంచి చెయ్యి తీయకుండానే అడిగారు. "అప్పుడు నువ్వున్నావా?"

"స్టూలు పట్టుకున్నాను మామయ్యా."

"ఎన్నాళ్ళయింది?"

"నెల."

ఆయన మెల్లగా దిగి ఆ స్టూలు మీదే కూర్చున్నారు. "అందుకేనా స్విచ్ వదలవు? మీ అక్కకి కూడా ఏ మాటా చెప్పలేదు."

బకెట్ నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కొళాయి కట్టలేదు.

భోజనాల దగ్గర కూర మాడిందని కూతురు సణిగింది. మామగారు అన్నం కలపలేదు. గొంతు పెంచకుండా కొడుకు వైపు తిరిగి అన్నారు.

"రేపు ప్లంబర్ని పిలిపించు. ఆ గీజర్ పీకించి కొత్తది పెట్టించు. అందాకా ఎవరూ స్విచ్ ముట్టుకోవద్దు."

"మీరుండగా ప్లంబరెందుకు నాన్నా?"

"వాల్వ్‌కి మూత బిగించింది నేనే. బిగించినట్టు నాకు గుర్తు లేదు."

మనవరాలు నోటి దాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేసింది.

"గురువారానికి కోడలు వాళ్ళక్క దగ్గర ఉండాలి. ఆ పదిహేను రోజులూ నువ్వు సెలవు పెట్టు. నన్ను ఇంట్లో ఒక్కణ్ణీ వదలొద్దు."