మూడో తరగతి చివరి బెంచీ

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మూడో తరగతి టీచరు బీరువాలోంచి పాత తువ్వాలు తీసుకుని చివరి బెంచీ దగ్గరికి వెళ్తుంది. అక్కడ కూర్చున్న పిల్లల తలలు తుడవాలి, ఎందుకంటే జుట్టు నిండా మంచు ఉంటుంది. పాఠం అర్థం కానివాళ్ళు ఆ బెంచీ మీద కూర్చుంటే వేరే దేశంలో అదే పాఠం చెబుతున్న మరో తరగతిలో తేలతారు. పాఠం విని, వీలైతే అక్కడి ఆటల పీరియడు కూడా చూసుకుని, బెల్లు వేళకి తిరిగొస్తారు. తల్లులకి దీని మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: "తల తడిపి పంపకండి టీచర్, జలుబు చేస్తోంది."

తను గొంతు చించుకున్నా ఎక్కని తీసివేతలు అక్కడ ఒక్క పూటలో ఎలా ఎక్కుతున్నాయి? ఈ ప్రశ్న ఆమెని నిలవనివ్వలేదు. ఏళ్ళ తరబడి సాయంత్రం క్లాసులకి వెళ్ళి అంతర్జాతీయ, తులనాత్మక విద్యలో ఎం.ఏ. చదివింది అందుకే. పేపర్లన్నీ గట్టెక్కాయి. రెండో భాష పరీక్ష కూడా పాసయింది. ఇక మిగిలింది పరాయి దేశపు బడిలో స్వయంగా కూర్చుని చేయాల్సిన పరిశీలన, దాని మీద రాయాల్సిన సిద్ధాంతవ్యాసం. వీసా అడిగిన ప్రతిసారీ కుదరదన్నారు. నెలాఖరులోగా పరిశీలన మొదలుపెట్టకపోతే పేరు కొట్టేస్తారు. అన్ని సాయంత్రాలూ బూడిదలో పోసిన పన్నీరే.

"బెంచీ సంగతి యూనివర్సిటీ కమిటీకి తెలుసమ్మా. దాని మీద వెళ్ళినా మాకు అభ్యంతరం లేదు," అన్నారు గైడు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "కానీ వెళ్ళాల్సింది మీరు. పిల్లలు చెప్పింది రాసుకొస్తే అది పిల్లల పరిశోధన అవుతుంది."

"నేను కూర్చుంటే అది కదలట్లేదండీ."

"నియమం నేను పెట్టింది కాదు కదమ్మా," అన్నారాయన. నిజంగానే బాధపడ్డారు కానీ, ఆ బాధ ఆమెకి ఎందుకూ పనికి రాలేదు.

ఆమె కూర్చోక కాదు. రోజూ బడి వదిలాక మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చునేది. మూడో తరగతి పాఠాలు ఆమెకి కొట్టిన పిండి. పై తరగతుల లెక్కలు తెచ్చుకుంటే, రాకపోతే ఎలాగన్న భయంతో వాటినీ ముందే నేర్చేసుకునేది. బెంచీ ఉలకదు, పలకదు.

"మెదడు ఇంట్లో పెట్టి వెళ్ళు," అన్నాడు దర్జీ పని చేసే భర్త, సూదిలో దారం ఎక్కిస్తూ. "నన్ను కూర్చోబెట్టి చూడు, నిమిషంలో అక్కడుంటాను."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అతను కుట్టు ఆపి, ఏమనాలో తెలీక ఆమె కొంగు అంచున ఊడిన కుట్టు సరిచేశాడు.

నెలాఖరు రోజు పొద్దున ఆమె గైడు గారికి ఆఖరిసారి ఫోన్ చేసింది. గడువు పొడిగించరట. ఆమె ఫోన్ సంచిలో పడేసి తరగతికి వెళ్ళి, భాగహారం మొదలుపెట్టింది. నోరు చెబుతోంది, మనసు ఎక్కడో ఉంది.

"టీచర్," అంది చివరి బెంచీ మీద ఒక్కతే కూర్చున్న పిల్ల. ఒక్క చోట నిలవదని అందరూ దాన్ని ఉడత అంటారు. "పదమూడు పెన్సిళ్ళు నలుగురికి పంచితే తలా మూడు. ఒకటి మిగిలింది. అదెవరికివ్వాలి?"

"ఎవరికీ ఇవ్వక్కర్లేదు. పక్కన శేషం అని రాయాలి."

"రాస్తాను టీచర్. కానీ పెన్సిలు ఉంది కదా. అదేమవుతుంది?"

ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, ఏటా ఆమె 'ముందు లెక్క చెయ్యి' అని కసురుతుంది. ఇవాళ కసరడానికి ఓపిక లేదు. నలుగురికీ పంచేశాక మిగిలిపోయింది ఏమవుతుంది? ఆమె ఆలోచించింది. ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు.

"తెలీదమ్మా," అంది. ఆ మాట తరగతిలో ఆమె నోట రావడం అదే మొదలు. వెళ్ళి ఉడత పక్కన కూలబడింది.

చెవులకి చలి తగిలింది. కిటికీ బయట మంచు కురుస్తోంది. గోడల మీది అక్షరాల్లో ఒక్కటీ ఆమెకి రాదు. ముందు బల్ల దగ్గర ఒక పెద్దావిడ నలుగురు పిల్లలకి పెన్సిళ్ళు పంచుతూ ఏదో చెబుతోంది, ఆ భాషా తెలీదు. నేర్చుకున్న రెండో భాష ఇది కాదు మరి. రాసుకుందామని చూస్తే చేతిలో పెన్నూ లేదు, కాగితమూ లేదు. ఇంత దూరం వచ్చి ఏం లాభమని గుండె నీరైపోయింది.

"మీరూ వచ్చేశారా!" అంది ఉడత, సంతోషంగా పక్కకి జరిగి.

బల్ల మీద ఒక పెన్సిలు మిగిలింది. పెద్దావిడ పిల్లల వైపు చూసి ఏదో అడిగింది. వాళ్ళు గదంతా కలయజూశారు. నలుగురూ ఒక్కసారే చేతులు చాచి, కొత్తగా వచ్చి కూర్చున్న ఆమెని చూపించారు.

పెద్దావిడ బెంచీల మధ్యనుంచి నడిచొచ్చి ఆ పెన్సిలు ఆమె చేతిలో పెట్టింది. ఉడత తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుని, పైన ఆ రోజు తేదీ వేసింది.