పేరు లేని పొట్లం

రెండో తువ్వాలు కూడా తడిసిపోయింది. పెద్దాసుపత్రిలో బల్ల మీద కూర్చోబెట్టిన మొగుడి ముక్కును వేళ్లతో అదిమి పట్టుకుని నిలబడింది ఆమె. పదకొండేళ్లుగా లాండ్రీలో ఇస్త్రీ పెట్టె తిప్పిన చేతులు గనక పట్టు సడలలేదు.

అతను కలప డిపోలో పలకలు మోసే మనిషి. పొద్దున తొమ్మిదింటికి లారీ దించుతుంటే ముక్కులోంచి రక్తం మొదలైంది. తోటివాళ్లు తల వెనక్కి వాల్చి పడుకోమన్నారు, మొహాన నీళ్లు కొట్టారు. లారీ ఖాళీ అయ్యేదాకా యజమాని ఎవరినీ కదలనివ్వలేదు. పదిన్నరకు గానీ లాండ్రీకి కబురు రాలేదు. నాలుగు రోజులుగా పళ్లు తోముకుంటే చిగుళ్లు కారుతున్నాయి, తొడ మీద అరచేయంత నల్లమచ్చ లేచింది. కానీ పలకలు మోసేవాడి ఒంటిమీది మచ్చల్ని ఎవరు పట్టించుకుంటారు?

"రక్తం పలచబడే మందు వాడుతున్నాడా?" అని అడిగింది డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ.

"వాడుతున్నాడండీ. నాలుగేళ్ల కింద ఇక్కడే గుండెలో వాల్వు మార్చారు. అప్పట్నించీ."

"ఎంత?"

"రాత్రికి రెండండీ."

"రెండంటే? ఎన్ని మిల్లీగ్రాములవి?"

"గులాబీ రంగువండీ."

"రంగు ఎవరడిగారమ్మా! పేరు చెప్పు, మోతాదు చెప్పు."

ఆమె ఖాళీగా ఉన్న చేత్తో సంచి తడిమి రెండు కాగితం పొట్లాలు తీసింది. ఒకదాని మీద పెన్నుతో రెండు గీతలు, పక్కన నెలవంక. అంటే రాత్రికి రెండు. లోపల విడి మాత్రలు. రెండోదాంట్లో నడుం నొప్పికిచ్చిన తెల్ల మాత్రలు. పేరన్నది దేని మీదా లేదు.

డాక్టరమ్మ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె కోపం దిక్కు మార్చుకుంది.

"చివరిసారి రక్త పరీక్ష ఎప్పుడు చేశారు?"

"ఏడు నెలలైందండీ. బాగానే ఉన్నాడుగా, ఇంక అక్కర్లేదన్నారు మా వీధి క్లినిక్కు డాక్టరుగారు."

"రక్తం ఉండాల్సినదానికి మూడింతలు పలచగా ఉంది. విరుగుడు ఇస్తున్నాం. కానీ అది ఎక్కువైతే వాల్వు మీద గడ్డకట్టి ప్రాణం మీదికొస్తుంది, తక్కువైతే రక్తం ఆగదు. ఇతను ఎంత మింగాడో, ఆ తెల్లవేమిటో నాకు తెలియాలి. మీ క్లినిక్కుకి మూడుసార్లు ఫోను చేయించా, ఎత్తట్లేదు. నువ్వే వెళ్లి రాయించుకురా. తొందరగా."

తువ్వాలు అందుకోవడానికి అప్పుడే ఆడపడుచు వచ్చింది. పొట్లంలో ఎప్పటి ఊదా మాత్రలకు బదులు గులాబీవి చూసి, తువ్వాలు అందుకుంటూనే మొదలెట్టింది.

"ఏమే, నా తమ్ముడికి చేతులారా మందిచ్చేది నువ్వే కదే! రంగు మారితే నీ కళ్లకి కనబళ్లేదా? చొక్కా మీద ఆవగింజంత మరక కనిపెడతావు గదా!"

"కనబడింది వదినా. అడిగాను."

"అడిగితే ఇట్లా ఎందుకవుతుంది?"

ఆమె సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది. చెప్పుకుంటూ కూర్చునే వ్యవధి లేదు.

నిజంగానే అడిగింది. పన్నెండు రోజుల కింద క్లినిక్కు కిటికీ దగ్గర పొట్లం విప్పి చూసి, "ఇదివరకు ఊదారంగువి ఇచ్చేవారు కదండీ?" అంది. కాంపౌండరు తలెత్తకుండా, "చొక్కా మారిస్తే మొగుణ్ని గుర్తుపట్టవా ఏంటి? అదే మందు. జరుగు, వెనక జనం ఉన్నారు," అన్నాడు. వెనకున్నవాళ్లు నవ్వారు. ఆమె సిగ్గుపడి జరిగింది. ఆ రాత్రి ఎప్పట్లాగే రెండు మాత్రలు లెక్కపెట్టి అతని చేతిలో పోసింది. ఆ మర్నాడూ పోసింది.

వాల్వు మార్చిన కొత్తలో నెలనెలా పెద్దాసుపత్రికే వచ్చేవాళ్లు. పరీక్షకోసం సగం పూట పోతే డిపోలో రోజు మొత్తం కూలీ కోసేవారు. అందుకని వీధి చివరి క్లినిక్కుకి మారారు. అక్కడ మొదట్లో ఒకతను పరీక్షకి రక్తం తీసుకెళ్లేవాడు. తర్వాత అతను రావడం మానేశాడు. మాత్రలు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

ఆమె వెళ్లేసరికి క్లినిక్కులో పాతికమంది దాకా కూర్చుని ఉన్నారు. చీటీ తీసుకోకుండా నేరుగా లోపలికి వెళ్లింది.

"ఏయ్, ఎవరమ్మా? వరసలో రా!" అన్నాడు డాక్టరు.

"మా ఆయనకి రక్తం ఆగట్లేదండీ. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మీరిచ్చిన మందు పేరూ మోతాదూ రాసిమ్మన్నారు."

పెద్దాసుపత్రి అనగానే డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కాంపౌండరును పిలిచి, చెవిలో ఏదో చెప్పి పంపాడు. తర్వాత ఆమె వైపు తిరిగిన గొంతులో తేనె ఉంది.

"చెప్పాం కదమ్మా మేము. మాత్ర మారింది, ఒకటే వేసుకోమని. నెలనెలా రక్తం చూపించుకోమని కూడా చెప్పాం. మీ ఆయన వింటేగా!"

"మందు తీసుకున్నది ఆయన కాదండీ, నేను. నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు మర్చిపోయుంటావు. రోజూ ఎంతమందితో మాట్లాడతాం! మీ ఆయన తాగుతాడా?"

"తాగడు."

"అందరూ అదే అంటారు."

కాంపౌండరు ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు. సిరా ఇంకా ఆరలేదు. "సంతకం పెట్టు. తర్వాత నీక్కావలసింది రాసిస్తాను. నిమిషం పని," అన్నాడు డాక్టరు.

ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. చదవడం నెమ్మది, పైగా మనసులో చదవడం రాదు. కూడబలుక్కుంటూ గట్టిగానే చదివింది. "మాత్ర మోతాదు... మారిందనీ... ఒక్కటి మాత్రమే వాడాలనీ... ప్రతి నెలా పరీక్ష చేయించుకోవాలనీ... క్లినిక్కువారు నాకు స్పష్టంగా చెప్పియున్నారు..."

తలుపు అవతల మాటలు ఆగిపోయాయి.

"ఇది జరగలేదండీ."

"జరిగిందా లేదా అన్నది కాదు. రూలు అది."

"అక్కడ రక్తం పోతోందండీ! మందు పేరు రాయండి. సంతకానికి పట్టే నిమిషంలోనే పేరూ రాయొచ్చు."

"గొంతు లేపకు! రేపు నీ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఈ గుమ్మం తొక్కనివ్వను. బట్టలు ఇస్త్రీ చేసుకునేదానివి, నాకు వైద్యం నేర్పుతావా?"

అప్పుడు తలుపు తోసుకుని ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు. చేతిలో పొట్లం ఉంది.

"డాక్టరుగారూ, నాదీ రక్తం పలచబడే మందే. నాక్కూడా కిందటి వారమే ఊదావి పోయి గులాబీవి వచ్చాయి. నేనూ రెండే మింగుతున్నాను. మరి ఒకటే మింగాలని ఈ కాగితంలో ఉందే?"

డాక్టరు వేలు కాంపౌండరు మీదికి తిరిగింది. "ఇదంతా ఇతని నిర్వాకం! నేను ఒకటే రాశాను. పొట్లాలు కట్టేది ఇతను."

అంతదాకా గోడకి ఆనుకుని ఉన్న కాంపౌండరు మొహం ఎర్రబడింది. "నా మీదికి తోస్తారేంటండీ? రెండు మిల్లీగ్రాములవి దొరకట్లేదు, ఐదువి చవగ్గా వచ్చాయి, అవే ఇచ్చెయ్యమన్నది మీరు కాదూ? చీటీల మీద మీరు పాత లెక్కే రాస్తున్నారు. చూపించమంటారా?"

"బయటికి పో!"

"పోతాను. ఈవిడ మొగుడి చావు నా మెడకి చుట్టుకోకుండా పోతాను." బల్ల మీది ఖాళీ చీటీ లాక్కుని, వంగి, గబగబా రాశాడు. "వార్ఫరిన్, ఐదు మిల్లీగ్రాములు. రెండేశాడంటే పది. నాలుగు మిల్లీగ్రాములే వేయాల్సినవాడు. నడుం నొప్పికిచ్చింది డైక్లోఫెనాక్. ఆ మందుతో అది ఇస్తే రక్తం ఇంకా కారుతుంది, నాకే తెలుసు."

"తెలిసీ ఇచ్చావా?" అంది ఆమె.

అతను చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

డాక్టరు లేచి గుమ్మానికి అడ్డంగా వచ్చాడు. సంతకం పెట్టమన్న కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "నీక్కావలసింది దొరికింది కదా. ఇక ఇది పెట్టేసి వెళ్లు."

"పెట్టను."

"ఏమన్నావ్?"

"పెట్టనన్నాను. మీరు చెప్పని మాట నేను విన్నానని నా చేత్తో రాయను. మా ఆయన ఉన్నా పెట్టను, లేకపోయినా పెట్టను."

ఆమె ఆగలేదు. అతనే పక్కకి జరగాల్సి వచ్చింది.

బయట మందుల కిటికీ దగ్గర జనం గుమిగూడారు. ముసలి డ్రైవరు మాత్రలు అరుగు మీద కుమ్మరించి, "ముందు వీటి పేరు రాయి నాయనా. రాసిందాకా ఇక్కణ్నించి బండి కదలదు," అంటున్నాడు. ఆయన వెనక చంటిబిడ్డ తల్లి తన పొట్లం విప్పుతోంది. లోపల్నించి డాక్టరు "తరవాత ఎవరు?" అని కేకేశాడు. ఎవరూ లేవలేదు.

అదంతా ఆమె నిలబడి చూడలేదు. బస్సెక్కింది. సీటు దొరకలేదు. సంచిలో ఫోను మోగడం మొదలెట్టింది. తెర మీద ఆడపడుచు పేరు. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో చీటీ పట్టుకుని ఉంది; ఏ కబురు వినాల్సొస్తుందోనని దేన్నీ వదల్లేదు. చీటీ ఎక్కడ జారిపోతుందోనని దాన్ని చూస్తూ పెదాలు కదుపుతోంది. వార్ఫరిన్. ఐదు. రాత్రికి రెండు. వార్ఫరిన్. నాలుగేళ్లుగా తన చేత్తో పోసిన మందు పేరు పలకడం ఆమెకి ఇదే మొదటిసారి. చౌరస్తాలో ఎర్ర దీపం పడి బస్సు ఆగిపోయింది. ఫోను మోగుతూనే ఉంది.