వాకిట్లో పెయింటు ముగ్గు

ఎల్లేశం తెల్లవారుజామున పోయాడు. శవాన్ని వసారాలో పడుకోబెట్టారు. సుక్కమ్మ కళ్లు మాత్రం మొగుడి మీద లేవు, వాకిట్లో సిమెంటు గచ్చు మీద ఉన్నాయి. గచ్చు నిండా గులాబిరంగు తామరపువ్వు, అటొకటి ఇటొకటి నెమళ్లు, కింద 'సుస్వాగతం'. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గుంటుందా ఎక్కడన్నా? ఉన్నది చెరిపేస్తారు, దినాలు అయ్యేదాకా వెయ్యరు. ఇదేమో చీపురుకు పోదు, నీళ్లకు పోదు. ఆయిల్ పెయింటు మరి.

వేయించింది కోడలు త్రివేణి. చౌటుప్పల్ మందుల కంపెనీలో పని, పొద్దున ఆరింటికి బస్సు. అత్తకు మోకాళ్లు సరిగ్గా వంగవు, తనకు తీరిక లేదు. పెయింటరును పిలిచి రోజూ ఉండే పనిని ఒక్కసారే తెగ్గొట్టింది. అప్పటినుంచి ఎనిమిది నెలలుగా అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు, ఉన్నవన్నీ తిట్లే.

నలభై ఏళ్లు సుక్కమ్మ రోజుకో ముగ్గు వేసింది. గొర్రె ఈనితే ముగ్గు నడుమ చిన్న గొర్రెపిల్ల బొమ్మ కూర్చునేది. మొగుడితో కొట్లాడిన మర్నాడు నాలుగు గీతలు గీకి పారేసేది. ఎల్లేశం అది చూసి నోరు మూసుకుని మందను తోలుకుపోయేవాడు. మంచిగున్న నాడు గొర్రెలు తొక్కకుండా గోడవారగా మళ్లించి, "ఇయ్యాల కోపం లేనట్టుందే" అనేవాడు. మాటలు తక్కువ మనిషి, పెళ్లాం మనసు ముగ్గులోనే చూసుకునేవాడు. పెయింటు వచ్చాక వాకిలి దాటుతూ కిందికి చూడటమే మానేశాడు. కోడలి మీద సుక్కమ్మ కడుపుమంట అదీ.

"పరశురాములూ, గా పెయింటు తీసెయ్యిరా. మీ నాయిన దాని మీదికెల్లి పోవద్దు" అంది కొడుకుతో.

"యాడ పోతదే అమ్మా? గోనెసంచులు గప్పుత" అని వాడు నాలుగు సంచులు పరిచాడు.

వచ్చేపోయేవాళ్ల కాళ్లకు సంచులు ఎంతసేపు ఆగుతాయి? చిట్యాల నుంచి ఎల్లేశం చెల్లెలు నర్సింగమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చేసరికి నెమళ్లు రెండూ బయటపడ్డాయి. ఆమె ఏడుపు ఠక్కున ఆగింది.

"మొగడు సచ్చిండని ముగ్గేసుకున్నవా వదినె? సుస్వాగతమా?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా సుక్కమ్మ వైపు తిరిగారు. సుక్కమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, వెంటనే ఒళ్లు మండిపోయింది. గోడ పట్టుకుని లేచి, గొర్లదొడ్డి దగ్గరున్న గడ్డపార తెచ్చి తామరపువ్వు నడుమ పొడిచింది. సిమెంటు పెచ్చు ఎగిరింది.

త్రివేణి ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "గచ్చు పలగ్గొడ్తవా అత్తమ్మా? అందరు జూస్తున్నరు. గిది ఉత్త పెయింటు, ముగ్గు గాదు."

సుక్కమ్మ ఆగి కోడలి ముఖంలోకి చూసింది.

"ఎనిమిది నెలల సంది నేను మొత్తుకునేది గా మాటే గదనే" అని చెయ్యి విదిలించుకుంది.

పరశురాములు వచ్చి తల్లి చేతిలోంచి గడ్డపార అందుకున్నాడు. పెళ్లాం వైపు చూడలేదు. పాడె లేచేసరికి వాకిట్లో ఒక్క నెమలి కూడా మిగల్లేదు.