రెక్కలు విప్పాకే

"ఆదివారం పిల్లల్ని పడవ ఎక్కిస్తానని మాటిచ్చేశాను. ఇప్పుడు కాదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు భర్త, మూడోసారి.

"మీ ముఖానికేం కాదు. ముందు నడపడం సరిగ్గా నేర్చుకోండి," అంది ఆమె కంచాలు తుడుస్తూ.

అత్తగారు నవ్వింది. "వాడు ఎడ్డెమంటే నువ్వు తెడ్డెం. పోనీలే, పడవలో తెడ్డే కదా కావాల్సింది!"

ఆ మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరే పడవ తీశారు. నడిమి పడవకు రెండు పక్కలా ఆసరాగా రెండు సన్నని పడవలు. ఇంట్లో వాటిని రెక్కలంటారు. ఇరుకు కాలువలో వాటిని మడత మంచంలా ముడిచి, మోటారు మీద వెళ్లాలి. కాలువ దాటి వెడల్పు నీళ్లలోకి రాగానే మంచి గాలి తగిలింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"తెరచాప ఎత్తు!"

ఆమె తాడు పట్టుకుంది గానీ లాగలేదు. "రెక్కలింకా విప్పలేదండీ."

అతని చెయ్యి చుక్కాని మీదే ఆగిపోయింది. రెక్కలు ముడిచి చాప ఎత్తితే పడవ చిన్న గాలికే బోర్లాపడుతుందని పడవ నడపడం నేర్పుతున్నాయన మొదటిరోజే చెప్పాడు. పిల్లలు కూర్చోవాల్సిన చోటు ఎదురుగా ఖాళీగా ఉంది. మోటారు తగ్గించి, రెక్కలు విప్పి, వాటి గడియలు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. అప్పుడు ఆమె తాడు లాగింది.

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక మెల్లగా అన్నాడు: "ఈ ఆదివారం పిల్లలు ఒడ్డునుంచే చూస్తారు. ఇంకా కొన్ని పాఠాలయ్యాక, వాళ్లమ్మ సరేనన్న రోజే ఎక్కుతారు."