పైపు కింది దారి

కొండ తవ్వుతారన్న కబురు వచ్చిన రోజు నుంచీ ఆ ఊళ్లో నిజం కంపెనీ వైపూ, న్యాయం ఊరి వైపూ చేరిపోయాయి. రెండూ ఒక్కచోట కనబడటం ఎప్పుడూ అరుదే. అయితే ఇంత శుభ్రంగా వాటాలు పంచుకుని విడిపోవడం ఎవరూ చూసి ఎరగరు.

సంగతి ఇది. ఊరి వెనక కొండ ఉంది. కొండలో కంపెనీకి కావలసిన ఖనిజం ఉంది. తవ్వుకోవడానికి అనుమతి దాదాపు చేతికి అందింది. అందనిది కొండ దగ్గరికి దారి ఒక్కటే. తారురోడ్డుకూ కొండకూ మధ్య ఉన్నది గట్టు పెద్దయ్య పొలం. ఆ పొలం మధ్యగా ఒక కాలిబాట పోతుంది. బాట చివర, కొండ కిందనే, పెద్దయ్య తమ్ముడి ఇల్లు. తాతల నాటి నుంచీ జనం నడుస్తున్న బాట గనుక అది అందరిదీ, అందరిదీ గనుక తమదీ, తమది గనుక వెడల్పు చేసి లారీలు నడుపుకుంటామని కంపెనీ అర్జీ పెట్టింది. దానికి ఊరు ఇచ్చిన జవాబు చాలా చిన్నది. అక్కడ బాటే లేదు.

లేని ఆ బాటన నడవని మనిషి ఊళ్లో లేడు. పుల్లలకూ, పశువులకూ, ఊసుపోకకూ అందరూ కొండకు ఆ బాటనే వెళ్లేవారు.

పెద్దయ్యకు గట్టు పెద్దయ్య అన్న పేరు ఊరికే రాలేదు. గట్టు తగాదా లేని పొరుగువాడు ఆయనకు లేడు. తండ్రి పోయాక పంపకాల్లో ముందు పొలం ఆయనకూ, వెనక పొలమూ ఇల్లూ తమ్ముడికీ వచ్చాయి. అన్నదమ్ముల మధ్య దారికి కాగితమేమిటని అందరూ ముచ్చటపడి, దారి సంగతి రాయించకుండా వదిలేశారు. కొన్నాళ్లకు తమ్ముడు బండి కొంటాడన్న పుకారు పెద్దయ్య చెవిన పడింది. వెంటనే బావి నుంచి అవతలి పొలం చెక్కకు నీళ్లు మళ్లించాలన్న ఆలోచన పుట్టి, బాటకు అడ్డంగా ఇనుప పైపు వేయించాడు. నేలలో పాతించవచ్చు, పాతించలేదు. తలకు తగలనంత ఎత్తున వేయించవచ్చు, అదీ చేయలేదు. రెండు రాతి కంబాల మీద, సరిగ్గా మనిషి ఛాతీకి తగిలే ఎత్తున వేయించాడు. తమ్ముడు బండి ఊసు మానుకున్నాడు. ఊరు వంగి నడవడం నేర్చుకుంది.

అందరికన్నా ఎక్కువ వంగవలసి వచ్చింది తమ్ముడి భార్యకు. ఊరంతా ఆమెను పాలక్క అంటారు. రెండు పూటలా పాలక్యాను నెత్తిన పెట్టుకుని తారురోడ్డు మీదికి వెళ్లి వ్యానులో పోసి వస్తుంది. నెత్తిన క్యానుతో వంగడం కుదిరే పని కాదు. అందుకని పైపు దగ్గర ఆగి, క్యాను దించి చంకన పెట్టుకుని, మోకాళ్లు మడిచి అవతలికి దూరి, మళ్లీ నెత్తికెత్తుకునేది. పైపు కాస్త ఎత్తించమని ఒకసారి బావగారిని అడిగింది. "నీళ్లకు వాటం పోతుందమ్మా," అన్నాడు పెద్దయ్య, నీటి స్వభావం మీద తనకేమీ అధికారం లేనట్టు.

విచారణకు ముందు ఊరి తరఫు ప్లీడరు అన్నదమ్ములిద్దరినీ, పాలక్కనూ పిలిపించాడు. ఆయన ఆఫీసు టైర్ల కొట్టు మీద మేడగది. ఫ్యాను తిరుగుతున్నంత సేపూ టకటకమంటుంది, ఆపితే రబ్బరు వాసన పైకొస్తుంది. అందువల్ల క్లయింట్లు ఎప్పుడూ కాస్త గొంతు పెంచే మాట్లాడతారు.

"మీ ఇంటికి ఏ దారిన వెళ్తారని అడుగుతారమ్మా. వాగులోంచి అనండి," అన్నాడు ప్లీడరు.

"వాగులోంచా?"

"కొండ పక్కన వాగుంది కదా."

"ఉందండీ. వానాకాలం అందులో నీళ్లు కూడా ఉంటాయి."

"ఎండాకాలం సంగతే చెప్పండి."

"అయితే వానాకాలమంతా నేను పుట్టింట్లో ఉంటానని రాసుకోండి. మా ఆయన వంట నేర్చుకుంటాడు."

పెద్దయ్యకు ఆ వెటకారం నచ్చలేదు. "కొండ పేలిస్తే ముందు బీటలిచ్చేది నీ గోడలే తల్లీ. దుమ్ము మేసేది నీ గేదెలే. ఊరు ఎవరి కోసం ఇంత తంటాలు పడుతోందనుకున్నావ్?"

"నా కోసమే బావగారూ, కాదనను. మరి దారి లేదని తేలిపోయాక నేను ఇంటికెలా పోవాలి?"

"ఇప్పుడెలా పోతున్నావో అలాగే."

"లేని దారినా?"

ప్లీడరు దగ్గాడు. "అది మీ ఇంటి వ్యవహారం."

"నిన్ను పోనివ్వనంటానా? నేను మాట తప్పే మనిషినా? ఊళ్లో ఎవర్నైనా అడుగు," అన్నాడు పెద్దయ్య.

"అడిగితే చెబుతారు బావగారూ. మీరు వినలేరు."

"అన్నయ్య అంతలా చెబుతున్నాడుగా," అని తమ్ముడు నసిగాడు.

"మీరు ఊరుకోండి. పుట్టినప్పట్నుంచీ ఊరుకునే ఉన్నారు, ఇప్పుడెందుకు నోటికి శ్రమ?"

ప్లీడరు ఆమెను సాక్షుల్లోంచి తప్పించాడు. "మీరసలు మాట్లాడొద్దమ్మా. ఎవరేమడిగినా, ఆడవాళ్లం, మాకు తెలీదనండి."

"ఇంటికి దారి ఆడవాళ్లకు తెలీదా?"

"తెలీదనే అనండి."

ఆ సాయంత్రం తోడికోడలి దగ్గరికి చేట కోసం వెళ్లినప్పుడు, పశువులపాక వెనక గోడకు ఆనించి ఉన్న కొత్త ఇనుప గేటు పాలక్క కంటబడింది. రంగు ఇంకా ఆరలేదు. ఆకుపచ్చ.

"ఇదెందుకక్కా?"

"కేసు అయిపోయాక రోడ్డు మొగలో పెట్టిస్తారట చెల్లీ," అంది తోడికోడలు, ఏ దాపరికమూ లేకుండా. "ఇంక బాట ఉండదుగా. తాళం కూడా తెచ్చారు."

కంపెనీ అర్జీని విచారిస్తున్న అధికారిణి స్వయంగా స్థలం చూడటానికి వస్తున్నట్టు తెలియగానే ఊరు ఊరంతా పెద్దయ్య పొలంలోకి దిగింది. పెద్దయ్య పొలంలో కూలి లేకుండా ఎవరైనా చెయ్యి వేయడం అదే మొదలు. బాటను దున్నారు, చదును చేశారు, పొడుగునా టొమాటో నారు నాటారు. పైపు విప్పారు. కంబాలు పెళ్లగించి గుంటలు పూడ్చారు. పని ముగిశాక గట్టు మీద నిలబడి చూసుకుంటే, అక్కడ ఒకప్పుడు బాట ఉండేదని వాళ్లకే నమ్మబుద్ధి కాలేదు. ఒక మనిషి నిజాన్ని మరచిపోవడానికి ఏళ్లు పడుతుంది. అందరూ కలిసి పూనుకుంటే ఒక పూట చాలు.

అధికారిణి కాన్వాసు బూట్లు వేసుకుని, నీళ్లసీసా పట్టుకుని వచ్చింది. ఎవరి జీపూ ఎక్కలేదు, ఎవరి కుర్చీలోనూ కూర్చోలేదు. కొండ దాకా నడిచి చూస్తానంది. పెద్దయ్య ముందు నడుస్తూ పొలం చరిత్ర చెబుతున్నాడు. ఆయన వెనక అధికారిణి, ఆమె వెనక ప్లీడరు, కంపెనీ ఇంజనీరు, తమ్ముడు, దర్జీ, బడి నుంచి రిటైరైన హెడ్మాస్టరు, ఇంకా ఊళ్లోని పెద్దమనుషులు వరసగా.

"మా తాతల కాలం నుంచీ ఇది సాగుభూమేనండి. ఇక్కడ మనిషి అడుగు పెట్టిన పాపాన పోలేదు," అంటూనే పెద్దయ్య, పొలం నడిమధ్యన, నడుం దాకా వంగి, రెండడుగులు వేసి, మళ్లీ నిటారుగా లేచాడు. మాట ఎక్కడా తెగలేదు.

అధికారిణి నిటారుగానే నడిచి అక్కడికి వచ్చింది. "ఏమైనా పడిపోయిందా?"

"ఆఁ?"

"వంగారు కదా."

పెద్దయ్య మొహంలో రంగు మారింది. "నడుంనొప్పండీ. ఉండుండి పట్టేస్తుంది."

అధికారిణి వెనక్కి తిరిగి చూసింది. సరిగ్గా అదే చోట ప్లీడరు వంగి లేచాడు. కేసు పుణ్యమా అని ఆయన ఆ బాటన చాలాసార్లు తిరిగాడు. ఇంజనీరు మామూలుగా నడిచి వచ్చాడు. తమ్ముడు వంగాడు. దర్జీ వంగాడు. హెడ్మాస్టరు తలపాగా జారకుండా ఒక చేత్తో పట్టుకుని మరీ వంగాడు. తక్కిన పెద్దమనుషులందరూ, అక్కడ లేనిదానికి, ఒకరి వెనక ఒకరు భక్తిగా వంగి లేచారు.

"ఊరందరికీ నడుంనొప్పేనా?" అంది అధికారిణి.

"నీళ్లలో ఏదో ఉందండీ," అన్నాడు దర్జీ.

"గని వస్తే నీళ్లు పాడవుతాయన్నారు," అన్నాడు ఇంజనీరు. "ముందే పాడయ్యాయన్నమాట."

ఆ సమయానికే పాలక్క ఇంటి వైపు నుంచి వచ్చింది. నెత్తిన నిండు క్యాను. వ్యాను ఎవరి విచారణ కోసమూ ఆగదు. టొమాటో మొక్కలు తొక్కకుండా పక్కపక్కన అడుగు వేసుకుంటూ వస్తోంది. అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి. ఆగకుండా వచ్చెయ్యమని పెద్దయ్య కళ్లతోనే సైగ చేశాడు.

తక్కినవాళ్లు పైపు లేదన్న సంగతి మరచిపోయి వంగారు. పాలక్క మరవలేదు. పైపు విప్పుతున్నప్పుడు పక్కన నిలబడి చూసింది. తిన్నగా నడిచి వచ్చేస్తే నడుంనొప్పి కథ ఎలాగోలా నిలబడుతుంది, గేటు పడుతుంది. ఆగితే దారి ఉన్నట్టు తేలుతుంది, ఆ దారి వెంటే లారీలూ రావచ్చు. గేటు రేపు. లారీలు ఎల్లుండి. పాలు మాత్రం ఏ రోజుకారోజు పోయాలి.

ఆగింది. క్యాను దించి చంకన పెట్టుకుంది. మోకాళ్లు మడిచి, తల వంచి, లేని పైపు కింద నుంచి తీరిగ్గా దూరి వచ్చి, క్యాను మళ్లీ నెత్తికెత్తుకుంది.

"ఇప్పుడేం చేశారమ్మా?" అంది అధికారిణి.

"నన్ను మాట్లాడొద్దన్నారండీ."

"మాట్లాడకండి. ఇంకొక్కసారి దాటి చూపిస్తారా?"

పాలక్క వెనక్కి వెళ్లి మళ్లీ దాటింది. ఈసారి అధికారిణి సంచీలోంచి టేపు తీసి, వంగిన ఆమె నెత్తి ఎంత ఎత్తున ఉందో కొలిచింది.

"ఇక్కడ ఏముండేది?"

ప్లీడరు కొండను చూశాడు. హెడ్మాస్టరు తలపాగా సవరించుకున్నాడు. చివరికి, పుట్టినప్పట్నుంచీ ఊరుకున్నవాడు నోరు తెరిచాడు.

"పైపండీ," అన్నాడు తమ్ముడు. "అన్నయ్య వేయించాడు."

తీర్పు అందరినీ సమానంగా నొప్పించింది. బాట ఉంది. చిరకాలంగా ఉంది. దాని మీద నడిచే హక్కు అందరిదీ, కంపెనీదీ. అంతవరకు చదివి, గెలిచామనుకుని ఇంజనీరు ఊరి ప్లీడరుకు చెయ్యి కలపబోయాడు. అయితే వాడుక వల్ల వచ్చిన హక్కు ఆ వాడుక మేరకే ఉంటుందనీ, పైపు ఉన్నందువల్ల ఆ బాటన ఏనాడూ ఏ బండీ పోలేదనీ, కాబట్టి బాట కాలినడకకే, అదీ వంగి నడిచే కాలినడకకే పరిమితమనీ అధికారిణి రాసింది. టొమాటో మొక్కలు పీకించి, పైపును అదే ఎత్తున తిరిగి వేయించాలి. గేటు పెట్టకూడదు. వాడుకే తన హక్కుకు ఆధారమని అర్జీ పెట్టిన కంపెనీ, ఆ వాడుక అలాంటిది కాదని అనలేకపోయింది. కొండ దాకా వెళ్లడానికీ, మనిషి మోయగలిగినంత మోసుకురావడానికీ దానికి సంపూర్ణమైన హక్కు దక్కింది.

పైపు మళ్లీ వేస్తున్న రోజున పెద్దయ్య టీ తాగుతూ అన్నాడు: "గని వస్తుందని అప్పుడే పసిగట్టానోయ్. లేకపోతే అంత కిందికి ఎందుకు వేయిస్తాను?"

ఊరు అవునంది. అవుననడంలో ఈమధ్య దానికి మంచి సాధన అయింది. ఆకుపచ్చ గేటు పాక వెనకే ఉండిపోయింది, కోళ్లు ఎక్కి కూర్చుంటున్నాయి.

"బావగారూ," అంది పాలక్క, "ఒక్క జానెడు ఎత్తించరాదూ? నా మోకాళ్లు మునుపటిలా లేవు."

"జానెడెత్తితే స్కూటరు దూరుతుందమ్మా. ఇవాళ స్కూటరు, రేపు లారీ. పైగా ఆర్డరు." ఆయన గొంతులో నిజమైన విచారం ఉంది. చట్టం తన పక్కన నిలబడటం ఆయనకు అదే మొదటిసారి. "నీ ఇంటి కోసమే కదా."

హక్కు వాడకపోతే పోతుందని ఎవరో చెప్పినందువల్ల, కంపెనీ అప్పుడప్పుడూ ఇంజనీరును కొండ దాకా నడిపిస్తుంది. మొదటిసారి వచ్చిన రోజున ఆయన ఫోను చూసుకుంటూ తిన్నగా నడిచి వచ్చాడు. పైపు ఠంగుమంది. ఆ అదురుకు నెత్తి మీది పసుపు టోపీ ఎగిరి పొలంలో పడింది.

ఎదురుగా వస్తున్న పాలక్క క్యాను దించి చంకన పెట్టుకుంది.

"వంగాలి బాబూ," అంది, పైపు కింద నుంచి దూరుతూ. "మీరు గెలిచింది ఈ దారే."